కోపం లేని కాలు

మా ఊళ్ళో ఎవరి నడుము పట్టుకున్నా మా ఇంటికే వచ్చేవాళ్ళు. మా ఇంట్లో వైద్యుడు ఉన్నాడని కాదు, నేనున్నానని. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సిన చోట కాళ్ళు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్ళ కాలు తగిలితే పట్టుకున్న నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో బెల్లం కాచే రోజులు వస్తే చాలు, చెరుకు మోపులు ఎత్తినవాళ్ళూ, బెల్లం పెనం దించినవాళ్ళూ ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, వంకరగా నడుస్తూ, తెల్లారేసరికి మా అరుగు ముందు నిలబడేవాళ్ళు.

"పాప లేసిందా అవ్వా?"

పాప లేవకపోతే లేపేవాళ్ళు. పాపకు జ్వరమైనా లేపేవాళ్ళు. నాకు ఇష్టమా అని అడిగినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు గుర్తులేరు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోవడానికి బావిని అడుగుతామా?

మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, ఈ వైభవానికంతా పెద్ద. వచ్చిన మనిషిని అరుగు మీద బోర్లా పడుకోమనేది. నా కాళ్ళు చెంబునీళ్ళతో తనే కడిగి, కొంగుతో తుడిచేది. నేను గోడ పట్టుకుని నిలబడి, కుడికాలు ఆ నడుము మీద పెట్టాలి. తొక్కకూడదు, తన్నకూడదు. "ఉడుకన్నం మీద ఆకు కప్పినట్టు పెట్టల్ల పాపా. బరువంతా గోడకే ఇడువు" అనేది. కాలికింద ఆ మనిషి ఊపిరి మెల్లబడేదాకా ఉండి, తీసెయ్యడమే. పెద్దలకు కాలు తగిలితే కళ్ళకద్దుకోమని నేర్పిన ఊళ్ళో, ఈ ఒక్క పనికి మాత్రం తాత వయసు వాళ్ళ మీద కాలు పెట్టినా తప్పు లేదు.

అయితే కాలు పెట్టకముందు ఒక ప్రశ్న ఉంది. మిగతా ఊళ్ళలో ఎదురుకాళ్ళవాళ్ళకు ఈ తంతు ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం తప్పనిసరి. నేను గోడ పట్టుకుని కాలు ఎత్తగానే అవ్వ అందరికీ వినబడేలా అడిగేది.

"ఎవురి మీదన్నా కోపముండాదా పాపా?"

"లేదవ్వా."

"అయితే పెట్టు."

కోపంతో పెట్టిన కాలు బరువవుతుందట. పట్టు వదలకపోగా లోపల ఇంకేదో విరుగుతుందట. కోపముంటే ఆ పొద్దుకు కాలు పెట్టకూడదు, పడుకున్నవాడు ఎంతవాడైనా లేచి ఇంటికి పోవాల్సిందే. ఇది అవ్వ పెట్టిన కట్టు. నేనెప్పుడూ లేదనే అన్నాను. బడికి ఆలస్యమై, పంతులు ఎండలో నిలబెడతాడని తెలిసి, లోపల పళ్ళు నూరుకుంటూ కూడా లేదనే అన్నాను. అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పినట్టే ఇదీను.

ఈ మహిమ నాకెట్లా వచ్చిందో చెప్పే కథ ఒకటుంది. వచ్చినవాళ్ళకల్లా అవ్వ వినిపించేది.

"కడుపులోనే ఎదురుతిరిగింది. వాళ్ళమ్మను తన్నుకుంటా తన్నుకుంటా వచ్చినాది. నా కోడలి నడుము ఆ పొద్దే పాయ. అంత బలముండాది ఈ కాల్లో."

వాళ్ళు "అబ్బబ్బా!" అనేవాళ్ళు. నా కాలికేసి భక్తిగా చూసేవాళ్ళు. ఆ మాటలు వినబడేంత దూరంలోనే అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉండేది. అమ్మ నడుము ఎడమవైపుకు ఒరిగి ఉండేది. నీళ్ళబిందె కుడిచంకలోనే ఎత్తుకునేది. కూర్చుంటే లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాలి, లేచాక గోడ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకోవాలి. చలికాలమైతే రాత్రి పక్క మీద అటూ ఇటూ తిరగలేక, నన్ను నిద్రలేపకుండా మూలిగేది.

నేను ఆ మూలుగు వింటూ, దుప్పటి కింద నా కాళ్ళు ఒకదాని మీద ఒకటి దాచుకునేదాన్ని. చేసింది నా కాళ్ళే కదా.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, నువ్వూ పండుకో. నేను కాలు పెడతా."

అమ్మ నోరు తెరవకముందే అవ్వ అందుకుంది. "కన్నతల్లికి ఆ కాలు రెండోసారి తగలకూడదు. తగిలితే మనిషే పోతాది."

"నాకేం నొప్పి లేదులే పాపా" అంది అమ్మ, గోడ పట్టుకుని లేస్తూ.

ఊరందరి నడుములూ నా కాలికిందకు వచ్చాయి. నాకు కావాల్సిన నడుము మాత్రం రాలేదు. నా చిన్నతనమంతా నాకున్న కోరిక ఒక్కటే. అమ్మ నిటారుగా నిలబడితే చూడాలి, నేను విరిచినదాన్ని నేనే సరిచెయ్యాలి.

ఇంతకూ ఈ కాలికి మర్యాద అరుగు దాకానే. పెళ్ళిళ్ళలో పసుపు దంచేచోటికి నేను పోతే, "ఆ పిల్లను ముందర రానియ్యొద్దు, తల్లినే తన్నింది" అని ఒక ముసలామె గొణిగేది. నా కాలికింద పడుకుని హాయిగా కళ్ళు మూసుకున్న పెద్దమనిషే, మర్నాడు చిత్తూరు కోర్టుకు బయల్దేరి, వీధిలో నేను ఎదురైతే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. ఆ సామెత పుస్తకంలో చదవకముందే నాకు బాగా తెలుసు.

నాయన మాత్రం అట్లాంటివాడు కాదని నా నమ్మకం. ఊళ్ళో ఆయన మాటకు విలువుండేది. గట్టు తగాదాలకు ఆయన్నే పిలిచేవాళ్ళు, ఎవరి మీదా చెయ్యెత్తని మనిషని పేరు. కాణిపాకం పోతే నాకు తప్పకుండా బొరుగులూ అరటిపళ్ళూ తెచ్చేవాడు. అవ్వ నా పుట్టుక కథ ఎత్తుకుంటే చాలు, కండువా దులుపుకుని మడి దగ్గరికి వెళ్ళిపోయేవాడు. అమ్మ మీద జాలితో వినలేకపోతున్నాడని అనుకునేదాన్ని. నేను ఎంత తెలివైన పిల్లనో చూడండి.

డిగ్రీకి తిరుపతి వచ్చాను. కాలి మహిమ ఊళ్ళోనే వదిలేసి వచ్చానని సంబరపడ్డాను. నేను చదువుకుంటుండగానే అవ్వ పోయింది. చదువు అయిపోయాక ఉద్యోగం వెతుక్కుంటూ తిరిగే రోజుల్లో, బస్టాండు వెనక లాడ్జీల సందులో ఒక బోర్డు కనబడింది. మందులు లేకుండా చేతులతో నొప్పులు తగ్గించబడును అని. అమ్మ నడుము గురించి అడుగుదామని మేడ ఎక్కాను. అడగడానికి ఎక్కి, అక్కడే పనికి కుదిరిపోయాను.

ఆ గదులు నడిపేది ఒక మేడమ్. ఆస్పత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక మద్రాసు పోయి ఈ విద్య నేర్చుకుని వచ్చింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది కొండ నడిచి ఎక్కి, పిక్కలు పట్టేసి, లాడ్జీ మెట్లు కూడా ఎక్కలేనివాళ్ళు. మిగతావాళ్ళు ఊరివాళ్ళే. మెడలు బిగుసుకుపోయిన గుమస్తాలు, నిద్రపట్టని టీచర్లు, ఆటో తోలి తోలి నడుము పోగొట్టుకున్నవాళ్ళు.

నేను మొదట్లో బలమంతా పెట్టి పిసికేదాన్ని. మేడమ్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఇదేమన్నా పూరీపిండా? చెయ్యి పెట్టు, ఊరికే ఉండు. కండ నీ చెయ్యిని నమ్మాలి, అప్పుడు అదే వదులుతుంది" అంది. తల కింద అరచేతులు పెట్టి, తల బరువు మన చేతుల్లోకి వచ్చేదాకా కాచుకోవాలి. భుజం కింద వేళ్ళు ఉంచి ఊపిరి వినాలి. అంతే పని. అది చూసి, ఇంతేనా అని నవ్వినవాళ్ళు కాసేపటికి గురకపెట్టి నిద్రపోయేవాళ్ళు.

మేడమ్‌కూ ఒక ప్రశ్న ఉండేది. బల్ల మీద పడుకున్న ప్రతివాళ్ళనూ, "తాకొచ్చా?" అని అడిగేది. ఎక్కడ తాకకూడదో కూడా అడిగేది. వద్దంటే వద్దే. ఒళ్ళు ఎవరిదో వాళ్ళను అడగాలనే సంగతి, ఊరంతటి ఒళ్ళూ తొక్కి పెరిగిన నాకు కొత్త.

ఒకరోజు శ్రీకాళహస్తి నుంచి ఒకామె వచ్చింది. కలంకారీ గుడ్డల మీద బొమ్మలు వేసే మనిషి, కుడిభుజం పైకి లేవదు. నా చెయ్యి ఆ భుజం కింద ఉండగా, ఉన్నట్టుండి ఆమె కళ్ళవెంట నీళ్ళు కారడం మొదలైంది. నేను నొప్పించానేమోనని హడలిపోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఏడుస్తూనే ఉంది. తర్వాత మేడమ్ నాతో, "నువ్వేమీ చెయ్యలేదు. మనిషి మరిచిపోయినా ఒళ్ళు మరిచిపోదు. అట్లాంటప్పుడు ఏమైందని అడక్కు, చెబితే విను" అంది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మంచినీళ్ళు ఇచ్చి పంపించాను.

నేను ఈ పనిలో కుదురుకున్నాక అమ్మ తిరుపతి వచ్చింది. బోరులో నీళ్ళు పడితే తలనీలాలు ఇస్తానని మొక్కుకుని, పడ్డాక ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి బస్సెక్కి వచ్చింది. కొండ దిగి, గుండుకు గంధం పూసుకుని, సంచీ చంకన పెట్టుకుని మా మేడ మెట్లు పక్కవాటుగా ఎక్కుతుంటే చూసి నేను ఎదురు పరుగెత్తాను. మధ్యాహ్నం గదులు ఖాళీ. మేడమ్ నా మొహం చూసి, బజారు పని ఉందంటూ బయటికి వెళ్ళిపోయింది.

"అవ్వ లేదిప్పుడు. ఇది కాలు కాదు, చెయ్యే. పండుకోమ్మా" అన్నాను.

చాలాసేపు బతిమాలించుకుంది. చివరికి బల్లెక్కి, బోర్లా పడుకోలేక కుడిపక్కకు ఒరిగింది. అలవాటు చొప్పున అడిగాను, "తాకొచ్చా అమ్మా?"

"నన్నడుగుతావేందే! నా కడుపున పుట్టినదానివి" అని నవ్వింది.

గుండు మీద చెయ్యి పెట్టాను. మెడ కింద పెట్టాను. భుజాల నుంచి మెల్లగా దిగాను. ఎన్నేళ్ళుగానో అనుకున్న పని. అమ్మ కళ్ళు మూతపడ్డాయి. ఊపిరి నిదానమైంది. నడుము ఎడమవైపు అందాలని నేను బల్ల చుట్టూ తిరిగి, అమ్మ వెనక్కి వచ్చాను. కాలికి స్టూలు తగిలి చప్పుడైంది. అదే సమయానికి నా చెయ్యి ఆ నడుము మీద పడింది.

అమ్మ ముడుచుకుపోయింది. మోకాళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. కళ్ళు తెరవకుండానే అంది.

"తన్నొద్దయ్యా. కడుపుతో ఉండా."

నేను చెయ్యి తీసేశాను. అమ్మ కళ్ళు తెరిచి, తను ఎక్కడుందో చూసుకుంది. నన్ను చూసింది. విన్నానని తెలిసిపోయింది. ఏమైందని నేను అడగలేదు.

"నువ్వు పుట్టకముందే పోయింది పాపా నా నడుము" అంది అమ్మ, గోడకేసి తిరిగి. "నీ కాలు కాదు."

బర్రె తలుగు తెంపుకుని చెరుకులో పడిందట. కట్టింది అమ్మట. పొయ్యి ముందు వంగి ఉన్న మనిషిని నాయన వెనకనుంచి తన్నాడు. నేను అప్పటికి కడుపులో ఉన్నాను. తర్వాత కాన్పు దాకా అమ్మ మంచం మీద నుంచి లేవలేదు. కాన్పులో నా కాళ్ళు ముందు రావడంతో, ఆ నడుముకు కారణం చెప్పుకోవడానికి మా ఇంటికి ఒక దారి దొరికింది.

"అవ్వకు తెలుసా?"

"అవ్వ ముందరే కదా తన్నింది."

"మళ్ళా కొట్టినాడా?"

"లేదు. ఆ ఒక్కసారే." కొడుకు పరువు కాపాడే అవ్వ మాదిరే, తనూ ఆ మాట కొంచెం గట్టిగా అంది.

"మరి నాకెందుకు సెప్పలేదు? ఇన్నేండ్లు నేనే విరిసినాననుకుంటి కదమ్మా!"

"సెప్తే మీ నాయనతో మాట్లాడకుండా పోతావు. నాకు నడుము ఎట్లాగూ పోయింది, నీకు నాయన కూడా ఎందుకు పోవల్ల?"

ఈ మాట విని కరిగిపోయానని రాస్తే అబద్ధం. నాకు కోపమొచ్చింది. నాయన మీద, అవ్వ మీద, అమ్మ మీద కూడా. నాకు నాయనను మిగల్చడానికి నా కాళ్ళనే నిందకు ఇచ్చేసింది కదా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఇంట్లో అడుసు తొక్కింది ఒకరు, పసితనం నుంచి కాళ్ళు కడిగించుకుంది నేను. కోపంతో పెట్టిన కాలు లోపల ఏదో విరుస్తుందని అవ్వకు ఎట్లా తెలుసో కూడా అప్పుడే తెలిసింది. ఆమె కళ్ళారా చూసి ఉంది. చూసినదాన్ని నోటితో చెప్పలేక, ప్రతి పొద్దూ నన్ను అడిగింది. తన్నిన కొడుకును మాత్రం ఎన్నడూ అడిగి ఉండదు.

"మళ్ళా పండుకోమ్మా, ఈసారి ఎనకనుంచి కాదు, ముందరనుంచే పెడతా" అన్నాను.

"సాల్లే. బస్సు పోతాది" అని అమ్మ గుండుకు కొంగు కప్పుకుని, బల్ల దిగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. వచ్చినట్టే పక్కవాటుగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎంత పిలిచినా ఆ బల్ల ఎక్కలేదు.

నేను చాలాకాలం ఊరికి పోలేదు. పనుందని చెప్పేదాన్ని. ఒకరోజు పొరుగింటివాళ్ళ ఫోన్ నుంచి కబురొచ్చింది. బోరు మోటారు పైకి లాగుతుంటే నాయన నడుము పట్టుకుంది. ఆస్పత్రికి పోదామంటే ససేమిరా అంటున్నాడు. "ఇంట్లో ఎదురుకాళ్ళ పాపను పెట్టుకుని ఆస్పత్రికి పోతే ఊరు నగదా?" అంటున్నాడట. ఆయన జన్మలో నడుము పట్టుకోవడం అదే మొదలు.

వెళ్ళాను. కోపం తీర్చుకుందామని కాదు. కాలు పెట్టేసి, వచ్చే బస్సుకే తిరిగి వచ్చేద్దామని. అట్లాంటి పనులు నేను లోపల ఏమున్నా చేసెయ్యగలను, చిన్నప్పటి నుంచి అలవాటే కదా.

అరుగు నిండా జనం. నా కాలు ఊళ్ళో పడి చాలా ఏళ్ళయింది, పైగా పడుకున్నది నాయన. తమ నడుముల గురించీ నా కాలి చలవ గురించీ కథలు చెప్పుకుంటున్నారు. కోర్టుకు పోతూ నన్ను చూసి వెనక్కి తిరిగే పెద్దమనిషి కూడా వచ్చి, "పాప కాలంటే మందే అబ్బా!" అంటున్నాడు. నాయనను ఇద్దరు పట్టుకొచ్చి బోర్లా పడుకోబెట్టారు. వీపు మీద ఎముకలు తేలి ఉన్నాయి. ముసలివాడైపోయాడు. జాలేసింది, ఆ జాలి మీద కూడా కోపమొచ్చింది.

"వచ్చినావా పాపా? పెట్టు తల్లీ, ప్రాణం పోతా ఉండాది" అన్నాడు, నేలకేసి.

అవ్వ లేదు కాబట్టి, ఇంటికి పెద్ద ఆడమనిషి ఇప్పుడు అమ్మే. చెంబుతో నీళ్ళు తెచ్చింది. వంగితే లేవలేని మనిషి, గోడ ఆనుకుని వంగి, నా కాళ్ళు కడిగింది. కొంగుతో తుడిచింది. నేను వారించబోతే చెయ్యి విదిలించింది. నేను గోడ పట్టుకుని కుడికాలు ఎత్తాను. ఆ తంతులో ప్రశ్న ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. అమ్మకు ఉంది.

"ఎవురి మీదన్నా కోపముండాదా పాపా?"

అవ్వ అడిగినట్టు గట్టిగా, అరుగంతా వినబడేలా అడిగింది. అడిగి, నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నాలుక చివర లేదు అనే మాట ఎప్పటిలాగే తయారుగా ఉంది.

"ఉండాది" అన్నాను.

నేను కాలు దించేశాను. అమ్మ చెంబు పక్కన పెట్టి, నాయన తలవైపుకు వెళ్ళింది.

"లెయ్యయ్యా. ఈ పొద్దు కాదు. పాపకి కోపముండాదంట."

"ఎవురి మీద పాపా?" "ఎవురేమన్నారు తల్లీ?" "యాడ జరిగింది?" అరుగు మీదున్న వాళ్ళంతా నన్ను చుట్టుకుని అడిగారు. నేలకేసి పడుకున్న మా నాయన ఒక్కడే అడగలేదు.